ల్యాప్‌టాప్‌లుగా నమోదైన వర్చువల్ సర్వర్లు: హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఛాసిస్ సెట్టింగ్‌పై ఒక కేస్ స్టడీ

సమస్య ఎలా బయటపడింది

అది లినక్స్ యంత్రాల నెట్‌వర్క్. ర్యాక్ సర్వర్లు, వాటి మీద లినక్స్‌లోని కేవీఎం హైపర్‌వైజర్‌తో (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) నడిచే వర్చువల్ మెషీన్లు, విడిగా మైక్రోసాఫ్ట్ హైపర్-వీ మీద నడిచే కొన్ని గెస్టులు (అంటే వర్చువల్ మెషీన్లే), సిబ్బంది వాడే డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, డిస్‌ప్లే తెరల వెనక బిగించిన మినీ పీసీలు, టెస్టింగ్ కోసం సర్వర్లుగా మార్చుకున్న పాత ల్యాప్‌టాప్‌లు అందులో ఉన్నాయి. అన్నిట్లోనూ బూట్‌ను, సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ ఉంది కానీ వెర్షన్లు వేరు. రెడ్‌హ్యాట్ 8 యంత్రాల్లో 239, ఉబుంటు 20.04లో 245, డెబియన్ 11లో 247, ఉబుంటు 22.04లో 249, డెబియన్ 12లో 252.

రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ ఎస్ఎస్‌హెచ్ మీదుగా ప్రతి యంత్రంలోనూ హోస్ట్‌నేమ్‌సీటీఎల్ (యంత్రం పేరు, రకం లాంటివి చూపే, మార్చే సిస్టమ్‌డీ కమాండ్) నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌లో ‘ఛాసిస్’ (ల్యాప్‌టాప్, సర్వర్ లాంటి యంత్రం రకం) అన్న లైన్‌ను తీసుకుని యంత్రాన్ని ఒక గ్రూపులో వేస్తుంది. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ ఆ గ్రూపును బట్టి పాలసీ పంపుతుంది. ల్యాప్‌టాప్ గ్రూపుకు వెళ్లే పాలసీలో లాగిన్‌డీ (యూజర్ సెషన్లను చూసుకునే సిస్టమ్‌డీ సర్వీస్) సెట్టింగ్ ఒకటుంది: ఐడిల్‌యాక్షన్ విలువ సస్పెండ్, గడువు 30 నిమిషాలు. సర్వర్, వీఎం గ్రూపులకు ఆ లైన్ వెళ్లదు.

కొత్తగా తయారుచేసిన కొన్ని వర్చువల్ మెషీన్లు, పెట్టిన మర్నాటి నుంచి అరగంటకోసారి మాయమవడం మొదలైంది. పింగ్ పోదు, ఎస్ఎస్‌హెచ్ తగలదు. హైపర్‌వైజర్‌లో విర్ష్ లిస్ట్ (వర్చువల్ మెషీన్ల స్థితి చూపే కమాండ్) చూస్తే స్థితి ‘పీఎంసస్పెండెడ్’ అని ఉంది. అంటే క్రాష్ కాలేదు, ఎవరూ ఆపలేదు; గెస్ట్ తనంతట తానే మెమొరీకి సస్పెండ్ అయింది. విర్ష్ డామ్‌పీఎంవేకప్ కమాండ్‌తో లేపితే మామూలుగా పనిచేసి, మళ్లీ ఎవరూ లాగిన్‌లో లేని అరగంట గడవగానే నిద్రపోయింది.

ఈ చివరి లక్షణం దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. ‘డేటాబేస్ క్వెరీలు నడుస్తూనే ఉన్నాయి కదా, యంత్రం ఐడిల్ ఎలా అవుతుంది?’ అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. లాగిన్‌డీ దృష్టిలో ఐడిల్ అంటే సీపీయూ ఖాళీగా ఉండటం కాదు. యూజర్ సెషన్లన్నీ ఐడిల్ అని చెప్పి, ఐడిల్ ఇన్‌హిబిటర్ లాక్ (ఐడిల్ అనుకోవద్దని ఏదైనా ప్రోగ్రాము పెట్టే అడ్డు) ఏదీ లేకపోతే చాలు, గడువు లెక్క మొదలవుతుంది. లాగిన్ అయినవాళ్లే లేని సర్వర్‌లో ఆ షరతు ఎప్పుడూ నెరవేరే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంత పెద్ద సర్వీస్ నడుస్తున్నా లాగిన్‌డీ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

కాబట్టి సస్పెండ్ అవడం వింత కాదు. ఆ పాలసీ ఒక వర్చువల్ సర్వర్‌కు ఎందుకు వెళ్లిందన్నదే తేల్చాల్సిన విషయం.

ఒకే తెర మీద రెండు జవాబులు

ఈ వ్యాసంలో కమాండ్లను, ఫైల్ పేర్లను పలికినట్టుగా తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. మెషీన్-ఇన్ఫో ఫైల్‌లోని కీలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి; లాగిన్‌డీ సెట్టింగుల పేర్లలో ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది.

పాడైన యంత్రంలో ఆర్గ్యుమెంట్ ఏదీ లేకుండా

హోస్ట్‌నేమ్‌సీటీఎల్

అని కొడితే వచ్చిన లైన్లు వరుసగా ఇవి. స్టాటిక్ హోస్ట్‌నేమ్ సరిగానే ఉంది. ఐకాన్ నేమ్: కంప్యూటర్-ల్యాప్‌టాప్. ఛాసిస్: ల్యాప్‌టాప్. తర్వాత మెషీన్ ఐడీ, బూట్ ఐడీ. ఆ కిందే వర్చువలైజేషన్: కేవీఎం. ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నల్, ఆర్కిటెక్చర్.

ఛాసిస్ లైన్, వర్చువలైజేషన్ లైన్ ఒకదాన్నొకటి ఖండిస్తున్నాయి. కేవీఎం గెస్ట్ ల్యాప్‌టాప్ కాలేదు. ఈ రెండు లైన్ల పొంతన చూడటమే మొత్తం కేసులో అన్నిటికంటే ఉపయోగపడిన పరీక్ష. వర్చువలైజేషన్ లైన్‌ను యంత్రం తనంతట తాను కనిపెడుతుంది, దాన్ని ఎవరూ సెట్ చేయలేరు. ఛాసిస్ లైన్‌ను చేత్తో మార్చొచ్చు. రెండూ విభేదిస్తే ఎవరో చేత్తో రాశారనే ముందుగా అనుమానించాలి. ఐకాన్ నేమ్ విడిగా పెట్టకపోతే ఛాసిస్ నుంచే పుడుతుంది కాబట్టి అది కూడా ల్యాప్‌టాప్ అనే చూపింది. దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కపెట్టకూడదు.

యంత్రం రకాన్ని సిస్టమ్‌డీ ఎక్కడి నుంచి తెస్తుంది

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ స్వయంగా ఏదీ వెతకదు. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద సిస్టమ్‌డీ-హోస్ట్‌నేమ్‌డీ అనే సర్వీస్‌ను అడుగుతుంది. ఆ సర్వీస్ ఎప్పుడూ నడుస్తూ ఉండదు. అడిగినప్పుడు లేచి, కాసేపు పనిలేకపోతే ఆగిపోతుంది. ఛాసిస్ ఏమిటని అడిగితే అది చూసే వరుస ఇది.

అన్నిటికంటే ముందు /ఈటీసీ/మెషీన్-ఇన్ఫో ఫైల్. అందులో ఛాసిస్ కీ ఉంటే ఆ విలువే చెబుతుంది, ఇంకెక్కడికీ వెళ్లదు. ఈ కేసుకు మూలం ఈ ఒక్క నియమమే.

ఆ కీ లేకపోతే వర్చువలైజేషన్ పరీక్ష. పూర్తి వర్చువల్ మెషీన్ అయితే వీఎం, కంటైనర్ అయితే కంటైనర్ అని చెప్పి ఆగుతుంది. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ అనే కమాండ్ చేసే పరీక్షే ఇదీను.

అదీ కాకపోతే, అంటే నిజమైన హార్డ్‌వేర్ అయితే, ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే బయోస్ లాంటి సాఫ్ట్‌వేర్) హార్డ్‌వేర్ వివరాలతో ఇచ్చే డీఎంఐ పట్టికలోని అంకె చదువుతుంది. అది /సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ/ఛాసిస్_టైప్ ఫైల్‌లో దశాంశ సంఖ్యగా దొరుకుతుంది. 3 డెస్క్‌టాప్, 4 లో ప్రొఫైల్ డెస్క్‌టాప్, 6 మినీ టవర్, 7 టవర్, 13 ఆల్-ఇన్-వన్: ఇవన్నీ డెస్క్‌టాప్ కిందికే వస్తాయి. 8, 9, 10, 14 ల్యాప్‌టాప్ కిందికి వస్తాయి. 11 హ్యాండ్‌సెట్. 17 మెయిన్ సర్వర్ ఛాసిస్, 28 బ్లేడ్, 29 బ్లేడ్ ఎన్‌క్లోజర్: ఇవి సర్వర్. 30 టాబ్లెట్. 31, 32 కన్వర్టిబుల్. స్పష్టంగా తెలిసే అంకెలనే తీసుకుంటుంది. 1 అంటే ‘ఇతరం’, 2 అంటే ‘తెలియదు’. వీటి నుంచి ఏదీ ఊహించకుండా తర్వాతి మెట్టుకు పోతుంది.

ఆ తర్వాతి మెట్టు ఏసీపీఐ, అంటే పవర్ నిర్వహణ కోసం ఫర్మ్‌వేర్ ఇచ్చే సమాచారం. /సిస్/ఫర్మ్‌వేర్/ఏసీపీఐ/పీఎం_ప్రొఫైల్‌లో ఉండే అంకె 1, 3, 6 అయితే డెస్క్‌టాప్, 2 అయితే ల్యాప్‌టాప్, 4, 5, 7 అయితే సర్వర్, 8 అయితే టాబ్లెట్. 0 అంటే తయారీదారు ఏమీ చెప్పలేదని. ఆర్మ్ బోర్డుల్లో డీఎంఐ, ఏసీపీఐ సాధారణంగా ఉండవు. అక్కడ కొత్త సిస్టమ్‌డీ వెర్షన్లు డివైస్ ట్రీలోని (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే డేటా) ఛాసిస్-టైప్ ప్రాపర్టీని చదువుతాయి.

ఎక్కడా జవాబు దొరక్కపోతే విలువ ఖాళీ. అప్పుడు హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అవుట్‌పుట్‌లో ఛాసిస్ లైన్ కనబడదు. ఈ సంగతి రెండో సమస్యలో మళ్లీ వస్తుంది.

అసలు కారణం

పాడైన వర్చువల్ మెషీన్లలో /ఈటీసీ/మెషీన్-ఇన్ఫో తెరిస్తే అన్నిట్లోనూ రెండు లైన్లు కనిపించాయి. ఒకటి ప్రెట్టీ_హోస్ట్‌నేమ్ (మనుషులు చదువుకోవడానికి పెట్టే పేరు), రెండోది ఛాసిస్=ల్యాప్‌టాప్. ప్రెట్టీ హోస్ట్‌నేమ్ అన్నిట్లోనూ ఒకటే, అదీ వేరే యంత్రం పేరు. అన్నీ ఒకే టెంప్లేట్ ఇమేజ్ నుంచి పుట్టాయని ఆ లైనే చెప్పేసింది. ఒక ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, సరిచేసుకున్న సిస్టమ్ డిస్క్‌ను టెంప్లేట్‌గా మార్చారు. ఆ ల్యాప్‌టాప్‌లో డాకింగ్ మీద ఉన్నప్పుడు రకం తప్పుగా కనబడుతోందని ఎవరో ఎప్పుడో ఛాసిస్ సెట్ చేశారు. ఆ ఒక్క యంత్రం వరకు అది సరైన పనే. టెంప్లేట్‌లోకి వెళ్లాక అదే లైన్ ప్రతి క్లోన్‌లోనూ వర్చువలైజేషన్ పరీక్షను మొదటి మెట్టులోనే అడ్డుకుంది.

టెంప్లేట్ సీల్ చేసేటప్పుడు యంత్రం ప్రత్యేక గుర్తింపు ఉండే మెషీన్-ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయాలని చాలామందికి తెలుసు. చేయకపోతే క్లోన్లన్నీ ఒకే డీహెచ్‌సీపీ గుర్తింపుతో వచ్చి ఐపీ అడ్రస్‌ల కోసం కొట్టుకుంటాయి కాబట్టి ఆ పాఠం వెంటనే బుర్రకెక్కుతుంది. మెషీన్-ఇన్ఫో పక్కనే ఉన్నా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే చాలా యంత్రాల్లో ఆ ఫైలే ఉండదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ‘మెషీన్ ఫైల్ క్లియర్ చేశాం’ అని చెక్‌లిస్ట్‌లో టిక్ పడిపోతుంది కూడా. రెండిటినీ విడివిడి అంశాలుగా రాయాలి.

రెండో సమస్య: ఛాసిస్ లైన్ లేని మినీ పీసీలు

మొదటిదాన్ని వెతుకుతుండగా ఇంకోటి బయటపడింది. తెరల వెనకున్న మినీ పీసీల్లో కొన్ని ఇన్వెంటరీలో ఏ గ్రూపులోనూ లేవు. వాటిలో డీఎంఐ అంకె 2, ఏసీపీఐ ప్రొఫైల్ 0. రెండు మెట్ల మీదా ఫర్మ్‌వేర్ ఏమీ చెప్పలేదు, కాబట్టి ఛాసిస్ ఖాళీ, లైన్ గల్లంతు. స్క్రిప్ట్ ఆ లైన్ కోసం వెతికి, దొరక్కపోతే ఖాళీ గడి రాస్తుంది. ఖాళీ గడి ఉన్న యంత్రాన్ని గ్రూపింగ్ దశ మాట్లాడకుండా వదిలేస్తుంది. ఆ యంత్రాలకు సెక్యూరిటీ ప్యాచ్ పాలసీ కూడా వెళ్లడం లేదన్నమాట. ఎవరికీ కనబడని రకం లోపం కాబట్టి నా దృష్టిలో సస్పెండ్ అయిన సర్వర్ల కంటే ఇదే ప్రమాదకరం. పడిపోయిన సర్వర్ అలారం మోగిస్తుంది, ప్యాచ్ అందని మినీ పీసీ మోగించదు.

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ఛాసిస్ సెట్టింగ్ ఉన్నది సరిగ్గా ఇలాంటి చోటు కోసమే: ఫర్మ్‌వేర్ మౌనంగా ఉన్నప్పుడు, లేదా తప్పు చెప్పినప్పుడు.

ఒకే యంత్రానికి వేర్వేరు టూల్స్ వేర్వేరు రకాలు చెప్పడం

సరిచేయడానికి ముందు ఇంకో విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్‌లో కొన్ని పాత రూల్స్ అన్సిబుల్ టూల్ ఇచ్చే ఫారమ్_ఫ్యాక్టర్ ఫ్యాక్ట్ (యంత్రం నుంచి అది సేకరించే ఒక వివరం) మీద ఆధారపడి ఉన్నాయి. హార్డ్‌వేర్ ఆడిట్ చేసేవాళ్లు డీఎంఐడీకోడ్ వాడుతున్నారు. ఇన్వెంటరీ హోస్ట్‌నేమ్‌సీటీఎల్ చదువుతోంది. మూడూ ఒకటే చెబుతాయని అందరూ అనుకున్నారు. కానీ చెప్పవు.

అన్సిబుల్ ఆ ఫ్యాక్ట్‌ను డీఎంఐ ఛాసిస్ అంకె నుంచే నేరుగా తీసుకుంటుంది. మెషీన్-ఇన్ఫో జోలికి పోదు, అక్కడ వర్చువలైజేషన్ కూడా చూడదు. డీఎంఐడీకోడ్ కూడా ఫర్మ్‌వేర్ పట్టికనే చదువుతుంది. అందువల్ల హైపర్-వీ గెస్ట్‌కు ఆ రెండూ ‘డెస్క్‌టాప్’ అంటాయి, ఎందుకంటే హైపర్-వీ తన గెస్టులకు ఇచ్చే డీఎంఐ అంకె 3. అదే గెస్ట్‌లో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ ‘వీఎం’ అంటుంది. కేవీఎం గెస్ట్‌లో, హార్డ్‌వేర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ఇచ్చే అంకె 1 కాబట్టి ఆ రెండూ ‘ఇతరం’ అంటాయి, హోస్ట్‌నేమ్‌సీటీఎల్ మళ్లీ ‘వీఎం’ అంటుంది. సర్వర్‌గా మార్చుకున్న ల్యాప్‌టాప్‌లో ఎవరైనా ఛాసిస్ సర్వర్ అని సెట్ చేస్తే హోస్ట్‌నేమ్‌సీటీఎల్ మాత్రమే సర్వర్ అంటుంది. మిగతా రెండూ నోట్‌బుక్ అనే అంటాయి.

దీని నుంచి పనికొచ్చే మాట ఒకటి తేలింది: హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తో రకం మార్చితే మారేది ఆ సర్వీస్ ఇచ్చే జవాబు మాత్రమే. ఆ సర్వీస్‌ను అడిగే ప్రోగ్రాములకే అది కనబడుతుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ అలాంటిదే. పవర్ బటన్ నొక్కితే ఏం చేయాలో నిర్ణయించేటప్పుడు అది ఛాసిస్ చూస్తుంది. వీఎం అయితే సస్పెండ్ బదులు పవర్ ఆఫ్ వైపు వెళ్తుంది. కెర్నల్‌కు గానీ, ఫర్మ్‌వేర్‌కు గానీ, లాగిన్‌డీకి గానీ ఈ మార్పుతో పనిలేదు.

లాగిన్‌డీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ అపోహ చాలా చోట్ల ఉంది. టెస్టింగ్ ల్యాప్‌టాప్ సర్వర్లలో మూత మూస్తే యంత్రం సస్పెండ్ అవకుండా ఉండాలని ఛాసిస్‌ను సర్వర్ అని మార్చారు. ఫలితం లేదు, ఉండదు కూడా. మూత స్విచ్ ఒక ఇన్‌పుట్ పరికరం. దాని సిగ్నల్ వస్తే లాగిన్‌డీ స్పందిస్తుంది, ఛాసిస్ ఏమిటని అడగదు. దానికి చేయాల్సింది /ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్‌లో గానీ, దాని డ్రాప్-ఇన్ ఫోల్డర్‌లో గానీ హ్యాండిల్‌లిడ్‌స్విచ్ విలువను ఇగ్నోర్ అని పెట్టడం. పెట్టాక లాగిన్‌డీకి హెచ్‌యూపీ సిగ్నల్ పంపితే కాన్ఫిగరేషన్ మళ్లీ చదువుకుంటుంది.

సరిచేసిన విధానం

ముందు నష్టం ఆపాలి. సర్వర్లు, వర్చువల్ మెషీన్లు అన్నిట్లోనూ, గ్రూపు ఏదైనా సరే, ఐడిల్‌యాక్షన్‌ను ఇగ్నోర్ అని నేరుగా రాసి, దానికి తోడుగా

సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ స్లీప్.టార్గెట్ సస్పెండ్.టార్గెట్ హైబర్నేట్.టార్గెట్ హైబ్రిడ్-స్లీప్.టార్గెట్

నడిపారు. మాస్క్ ఒక్కటే చేసి ఐడిల్‌యాక్షన్‌ను సస్పెండ్‌గానే వదిలేయకూడదు. లాగిన్‌డీ సస్పెండ్‌కు ప్రయత్నించి విఫలమైన ప్రతిసారీ జర్నల్‌లో ఎర్రర్ పడుతుంది, అసలు లోపం వెతికేవాళ్లకు ఆ చెత్త అడ్డొస్తుంది. ఈ మార్పు ఛాసిస్‌తో సంబంధం లేకుండా ఉండాలన్నది ముఖ్యం. నిద్రపోకూడని యంత్రం నిద్రపోకుండా ఉండటం ఒక లేబుల్ మీద ఆధారపడకూడదు.

తర్వాత సర్వే. ప్రతి యంత్రం నుంచి నాలుగు విలువలు పక్కపక్కనే పెట్టుకున్నారు: మెషీన్-ఇన్ఫోలో ఛాసిస్ కీ ఉందా, ఉంటే ఏమిటి, సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ ఏమంటోంది, డీఎంఐ అంకె ఎంత, ఏసీపీఐ ప్రొఫైల్ ఎంత. ఈ నాలుగూ ఉంటే హోస్ట్‌నేమ్‌డీ ఏం చెబుతుందో, ఎందుకు చెబుతుందో యంత్రం ముందు కూర్చోకుండానే తెలుస్తుంది. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ విషయంలో ఒక జాగ్రత్త: నిజమైన హార్డ్‌వేర్‌లో అది ‘నన్’ అని రాసి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో బయటికొస్తుంది. ఎర్రర్ రాగానే ఆగిపోయేలా రాసిన షెల్ స్క్రిప్ట్ అయితే మొదటి ఫిజికల్ సర్వర్ దగ్గరే ఆగిపోతుంది.

ఆ పట్టికను బట్టి యంత్రాలను మూడు కుప్పలు చేశారు.

మొదటి కుప్ప, కీ ఉంది కానీ ఉండకూడదు. క్లోన్లన్నీ ఇందులోవే. ఫైల్ మొత్తాన్ని తీసేయాలనిపిస్తుంది. కానీ కొన్ని యంత్రాల్లో అదే ఫైల్‌లో డిప్లాయ్‌మెంట్, లొకేషన్ కీలు సరైన విలువలతో ఉన్నాయి. అందువల్ల ఛాసిస్ ఒక్కదాన్నే తుడిచారు. అందుకు కమాండ్‌కు ఖాళీ విలువ ఇవ్వాలి:

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-ఛాసిస్ ""

కోట్ గుర్తుల మధ్య ఏమీ ఉండకూడదు, ఖాళీ కూడా. కోట్ గుర్తులు మరిచిపోతే ఆర్గ్యుమెంటే లేనట్టు అవుతుంది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా పంపేటప్పుడు ఇది ఇంకా ఇబ్బంది: మన షెల్ ఒక జత కోట్లను తినేస్తుంది, అవతలి షెల్‌కు ఏమీ మిగలదు. మొత్తం కమాండ్‌ను సింగిల్ కోట్లలో పెట్టి, లోపల డబుల్ కోట్ల జత ఉంచితే సరిగ్గా చేరుతుంది. తప్పుడు ప్రెట్టీ హోస్ట్‌నేమ్‌ను కూడా ఇలాగే ఖాళీ విలువతో తుడిచారు. చివరి కీ కూడా పోతే హోస్ట్‌నేమ్‌డీ ఆ ఫైల్‌నే తీసేస్తుంది, కంగారు పడక్కర్లేదు.

ఫైల్‌లో చేత్తో రాసుకున్న కామెంట్ లైన్లు ఉంటే ముందే వేరే చోట దాచుకోవాలి. హోస్ట్‌నేమ్‌డీ ఏ ఒక్క కీ మార్చినా ఫైల్‌ను మళ్లీ మొత్తం రాస్తుంది. కీలు నిలుస్తాయి, కామెంట్లు పోతాయి.

రెండో కుప్ప, కీ లేదు కానీ ఉండాలి. మినీ పీసీలు. వీటికి డెస్క్‌టాప్ అనాలా, ఎంబెడెడ్ అనాలా అన్న చర్చ నడిచింది. అనుమతించే విలువలు డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, కన్వర్టిబుల్, సర్వర్, టాబ్లెట్, హ్యాండ్‌సెట్, వాచ్, ఎంబెడెడ్, వీఎం, కంటైనర్. ఇంకేది ఇచ్చినా చెల్లని ఛాసిస్ అన్న ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. కీబోర్డ్ ముందు మనిషి ఎవరూ కూర్చోరు, ఒకే పని చేసే పెట్టె కాబట్టి ఎంబెడెడ్ అని ఖాయం చేశారు:

హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-ఛాసిస్ ఎంబెడెడ్

ఇదే విలువను ఫైల్‌లో ఎడిటర్‌తో రాసినా పనిచేస్తుంది. అయితే అప్పుడు కమాండ్ చేసే స్పెల్లింగ్ తనిఖీ జరగదు. ఒక అక్షరం తప్పుపడితే ఇన్వెంటరీలో కొత్త గ్రూపు పుడుతుంది. కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ టెంప్లేట్ ద్వారా ఫైల్ పంపేవాళ్లు విలువలను టెంప్లేట్‌లోనే పరిమితం చేయాలి.

మూడో కుప్ప, ముట్టుకోకూడనివి. టవర్ క్యాబినెట్‌లో సర్వర్ పని చేస్తున్న యంత్రాలు, టెస్టింగ్ ల్యాప్‌టాప్‌లు. ఇవి చేసేది సర్వర్ పనే కదా, సర్వర్ అని పెట్టేద్దాం అన్న వాదన వచ్చింది. నేను దానికి ఒప్పుకోను. ఛాసిస్ అంటే ఒంటి రకం, ఉద్యోగం కాదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, అది ఉబ్బుతుంది, ఫ్యాన్ చిన్నది, రెండో పవర్ సప్లై లేదు. పదేళ్లు నడవాల్సిన సర్వర్ల జాబితాలో దాన్ని కలిపేస్తే ఆ సంగతులన్నీ జాబితా నుంచి మాయమవుతాయి. పనిని చెప్పడానికి అదే ఫైల్‌లో డిప్లాయ్‌మెంట్ కీ ఉంది. దానికి డెవలప్‌మెంట్, ఇంటిగ్రేషన్, స్టేజింగ్, ప్రొడక్షన్ అన్న పదాలను సిస్టమ్‌డీ మాన్యువల్ సూచిస్తుంది. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-డిప్లాయ్‌మెంట్‌తో పెట్టొచ్చు. ఏ ర్యాక్, ఏ అర అన్నది సెట్-లొకేషన్‌తో రాయొచ్చు. అది పూర్తిగా మన ఇష్టం. టెస్టింగ్ ల్యాప్‌టాప్‌లకు డిప్లాయ్‌మెంట్ డెవలప్‌మెంట్ అని పెట్టి, ఛాసిస్ వదిలేశారు. పాలసీ ఇకపై రెండిటినీ చూస్తుంది.

పనిలో తగిలిన అడ్డంకులు

వెర్షన్ తేడా. ‘ఛాసిస్’ అనే ఒకే పదంతో చదవడం, రాయడం రెండూ చేసే పద్ధతి 2021లో వచ్చిన 249తో మొదలైంది. రెడ్‌హ్యాట్ 8, డెబియన్ 11, ఉబుంటు 20.04లలో ఆ పదం తెలియదని ఎర్రర్ వస్తుంది. సెట్-ఛాసిస్ పాత రూపమైనా కొత్త వెర్షన్లు కూడా దాన్ని అంగీకరిస్తాయి కాబట్టి, కలగలిసిన నెట్‌వర్క్‌లో రాయడానికి అదే వాడాలి. చదవడానికి అన్ని వెర్షన్లలో ఒకేలా పనిచేసేది, డీ-బస్ సర్వీసులను నేరుగా అడిగే బస్‌సీటీఎల్ కమాండ్:

బస్‌సీటీఎల్ గెట్-ప్రాపర్టీ ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 /ఓఆర్‌జీ/ఫ్రీడెస్క్‌టాప్/హోస్ట్‌నేమ్1 ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.హోస్ట్‌నేమ్1 ఛాసిస్

ఇక్కడ చివరి పదంలో మొదటి అక్షరం పెద్దది. జవాబు ఎస్ అక్షరం, పక్కన కోట్లలో విలువ. విలువ ఖాళీ అయినా లైన్ మాత్రం వస్తుంది, ఎస్ పక్కన ఖాళీ కోట్లతో. మినీ పీసీలు ఇన్వెంటరీ నుంచి జారిపోయిన దారి దీనితో మూసుకుపోయింది. స్క్రిప్ట్‌ను ఇటు మార్చి, ఖాళీ విలువ వస్తే ‘గుర్తించనిది’ అనే గ్రూపులో వేసి అలర్ట్ పంపేలా చేశారు.

అనుమతులు. చదవడానికి ఏ యూజర్ అయినా చాలు. మార్చడానికి, ఎవరు ఏం చేయొచ్చో నిర్ణయించే పోల్‌కిట్ సర్వీస్ ఒప్పుకోవాలి. దానికి సంబంధించిన చర్య పేరు సెట్-మెషీన్-ఇన్ఫో, హోస్ట్‌నేమ్ మార్చే చర్య కంటే వేరు. డ్యాష్ పెద్ద హెచ్ ఆప్షన్‌తో యూజర్ పేరు, యంత్రం పేరు ఇచ్చి హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌ను దూరం నుంచే నడపొచ్చు, అది లోపల ఎస్ఎస్‌హెచ్ వాడుతుంది. అవతల రూట్ కాని యూజర్ అయితే పాస్‌వర్డ్ అడిగే ప్రయత్నం జరిగి లూప్ అక్కడే నిలబడిపోవచ్చు. నో-ఆస్క్-పాస్‌వర్డ్ ఆప్షన్ పెడితే వెంటనే ‘ఇంటరాక్టివ్ అథెంటికేషన్ రిక్వైర్డ్’ అని ఎర్రర్ ఇచ్చి తర్వాతి యంత్రానికి పోతుంది. పెద్ద సంఖ్యలో మార్చేటప్పుడు ఈ ఆప్షన్ లేకుండా లూప్ మొదలుపెట్టకూడదు.

పాత విలువే కనబడటం. ఫైల్‌ను ఎడిటర్‌తో మార్చిన వెంటనే చూస్తే పాత వెర్షన్లలో పాత ఛాసిస్ రావచ్చు, ఎందుకంటే లేచి ఉన్న హోస్ట్‌నేమ్‌డీ తాను ముందు చదివిందే చెబుతుంది. సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ-హోస్ట్‌నేమ్‌డీ చేస్తే సరి. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసినందువల్ల నెట్‌వర్క్‌కు, సెషన్లకు ఏమీ కాదు. డెస్క్‌టాప్ వాతావరణంలో, సెషన్ మొదట్లో ఒక్కసారే ఛాసిస్ చదువుకునే ప్రోగ్రాములు లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యేదాకా పాత తీరులోనే ఉంటాయి.

సిస్టమ్‌డీ లేని కంటైనర్లు. అప్లికేషన్ కంటైనర్లలో ఇనిట్‌గా సిస్టమ్‌డీ గానీ, డీ-బస్ గానీ ఉండవు. హోస్ట్‌నేమ్‌సీటీఎల్ బస్‌కు కనెక్ట్ కాలేక విఫలమవుతుంది. వాటిని ఈ పద్ధతిలో లెక్కించే ప్రయత్నమే చేయకూడదు. అవి హోస్ట్ ఇన్వెంటరీలో కాదు, కంటైనర్ ప్లాట్‌ఫారమ్ జాబితాలో ఉండాలి. పూర్తి సిస్టమ్‌డీతో నడిచే సిస్టమ్ కంటైనర్లు మాత్రం సరిగ్గా ‘కంటైనర్’ అనే చెప్పాయి.

మళ్లీ జరగకుండా పెట్టిన తనిఖీలు

టెంప్లేట్ సీల్ చేసే స్క్రిప్ట్‌లో మూడు లైన్లు చేరాయి. మెషీన్-ఐడీ ఫైల్‌ను సున్నా బైట్లకు కుదించడం. ఫైల్‌ను తీసేయకుండా ఖాళీగా ఉంచితే మొదటి బూట్‌లో కొత్త ఐడీ పుడుతుంది. మెషీన్-ఇన్ఫోను పూర్తిగా తీసేయడం. ఆ రెండూ జరిగాయో లేదో డిస్క్ ఇమేజ్‌ను మౌంట్ చేసి చూసి, జరగకపోతే ఇమేజ్‌ను రిజెక్ట్ చేయడం. మూడోది లేకుండా మొదటి రెండూ ఎప్పుడో ఒకప్పుడు జారిపోతాయి. సీల్ చేశాక ఎవరో టెంప్లేట్‌ను ఒక్కసారి బూట్ చేసి ఏదో అప్‌డేట్ చేస్తారు, మెషీన్-ఐడీ మళ్లీ నిండిపోతుంది.

రాత్రి నడిచే ఇన్వెంటరీలో రెండు పొంతన పరీక్షలు పెట్టారు. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ ‘నన్’ కాకుండా ఏదైనా చెప్పి, ఛాసిస్ మాత్రం వీఎం లేదా కంటైనర్ కాకపోతే అలర్ట్. అలాగే తలకిందులుగా: ‘నన్’ అని వచ్చి ఛాసిస్ వీఎం అయితే అలర్ట్. రెండో రకం అరుదు, కానీ వర్చువల్ మెషీన్ డిస్క్‌ను ఫిజికల్ సర్వర్‌కు తరలించినప్పుడు పాత మెషీన్-ఇన్ఫో వెంట వస్తే ఇదే జరుగుతుంది.

ఛాసిస్ కీ చేత్తో పెట్టిన ప్రతి యంత్రానికీ కారణం రాసే గడి ఇన్వెంటరీలో తప్పనిసరి అయింది: డీఎంఐ అంకె ఎంత, ఏసీపీఐ ప్రొఫైల్ ఎంత, అందుకే ఈ విలువ పెట్టాం అని. బయోస్ అప్‌డేట్ అయ్యాక ఆ అంకెలు మళ్లీ చదువుతారు. ఫర్మ్‌వేర్ సరైన అంకె ఇవ్వడం మొదలుపెడితే కీని ఖాళీ విలువతో తుడిచేస్తారు. అన్సిబుల్ ఫారమ్_ఫ్యాక్టర్ మీద ఉన్న పాత రూల్స్‌లో హైపర్-వీ గెస్టులను డెస్క్‌టాప్‌లుగా పట్టినవి రెండు దొరికాయి. వాటిని వర్చువలైజేషన్ రోల్ చెప్పే ఫ్యాక్ట్ మీదికి మార్చారు, అది గెస్ట్ అని వస్తే ఫారమ్_ఫ్యాక్టర్‌ను చూడకుండానే వదిలేస్తాయి.